పచ్చిపులుసులో వాము

చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న బల్ల దగ్గర ఎవరూ కోరి కూర్చోరు. ఫ్యాను గాలి అక్కడికి రాదు. వంటగది గుమ్మం ఎదురుగానే ఉంటుంది కాబట్టి సెగ, పోపు ఘాటు మొహాన కొడతాయి. హోటల్ సగం ఖాళీగా ఉన్నా ఆమె ఆ రోజు కూడా నేరుగా వెళ్లి అక్కడే కూర్చుంది.

కౌంటర్ వెనక నుంచి శశికిరణ్ గమనిస్తూనే ఉన్నాడు. ఆమె రావడం అది పదకొండో రోజు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే దారిలో, ఒక సందులో ఉన్న ఆ ఎనిమిది బల్లల భోజన హోటల్ శశికిరణ్ తాతగారు పెట్టింది. కోర్టు గుమాస్తాలు, బేగం బజార్ వ్యాపారులు, రైలు దిగినవాళ్లు ఒకసారి తిన్నారంటే మళ్లీ వెతుక్కుంటూ వచ్చేవారు. తాతగారు పోయాక ఆ రావడం తగ్గింది. రెండేళ్ల క్రితం బిచ్చయ్య వంటకు కుదిరాకే మళ్లీ మొదలైంది. ముఖ్యంగా అతని పచ్చిపులుసు కోసం. హిమాయత్‌నగర్ నుంచి కూడా మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో పడి వచ్చేవాళ్లున్నారు. బిచ్చయ్య మాత్రం ఎవరు పొగిడినా వంటగది గుమ్మం దాటి ఇవతలికి వచ్చేవాడు కాదు.

ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. నూలు చీర, భుజానికి గుడ్డసంచి. సరిగ్గా ఒంటిగంటన్నరకు వస్తుంది. భోజనం చెబుతుంది గానీ కూరలు ముట్టదు. అన్నంలో పచ్చిపులుసు కలుపుకుని, ఒక్కో ముద్ద నోట్లో కాసేపు ఉంచుకుని మరీ తింటుంది.

మూడో రోజే ఆమె బాలరాజును అడిగిందట, పులుసులో వాము నలిపి వేస్తున్నారా అని. ముప్పై ఏళ్లుగా అక్కడ వడ్డిస్తున్న బాలరాజుకే ఆ సంగతి తెలియదు. శశికిరణ్ లోపలికి వెళ్లి కనుక్కుంటే నిజమే. చిటికెడు, అంతే. రెండేళ్లుగా తింటున్నవాళ్లెవరూ పట్టుకోలేనిది ఆమె మూడు రోజుల్లో పట్టుకుంది.

ఆరో రోజు సంచిలోంచి చిన్న డబ్బా తీసి, అందులో పులుసు పోయించుకుని తీసుకెళ్లింది. ఆ మర్నాటి నుంచి ఆరాలు మొదలుపెట్టింది. వంటాయనది ఏ ఊరు, ఎన్నాళ్లుగా చేస్తున్నాడు, ఎక్కడ ఉంటాడు. బాలరాజు ఏదీ చెప్పలేదు. పేరు అడిగితే ఆమె నవ్వి ఊరుకుంది.

శశికిరణ్‌కు సంగతి అర్థమైపోయింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఎవరో పెద్ద హోటల్ తెరవబోతున్నారనీ, చుట్టుపక్కల మంచి వంటవాళ్లను ఎత్తుకుపోతున్నారనీ విన్నాడు. రుచి చూసి రమ్మని వాళ్లే ఈమెను పంపి ఉంటారు.

ఆ సాయంత్రమే బిచ్చయ్యను హెచ్చరించాడు. ఒకావిడ నీ గురించి ఆరా తీస్తోంది, మాటల్లో పడవద్దన్నాడు. బిచ్చయ్య ఆమె ఎవరని అడగలేదు. చింతపండు పిసుకుతూనే ఉన్నాడు.

“నేను యాడికీ పోను సార్. జర నా పేరు మాత్రం చెప్పకుండ్రి” అన్నాడు.

ఈ రోజుల్లో ఇంత విశ్వాసం ఎవరికుంటుందని శశికిరణ్ మురిసిపోయాడు.

అయినా అనుమానం తీరక, ఆమె వచ్చేది బిచ్చయ్య చేతి వంట కోసమేనా అని తేల్చుకోవడానికి పదో రోజున ఒక పని చేశాడు. బిచ్చయ్యను పక్కన నిలబెట్టి, అతను చెప్పిన పాళ్లతోనే, వాముతో సహా, పులుసును శంకరమ్మ చేత చేయించాడు. శంకరమ్మ అక్కడ కూరగాయలు తరిగే మనిషి. శశికిరణ్ రుచి చూశాడు. తేడా తెలియలేదు. బాలరాజుకూ తెలియలేదు. ఆమె మాత్రం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని విస్తరి పక్కకు జరిపింది.

“ఇయ్యాల వంటాయన రాలేదా?” అని అడిగింది.

అది విన్నాక శశికిరణ్‌కు భయం పట్టుకుంది. అలాంటి నాలుక ఉన్న మనిషిని పంపారంటే వాళ్లు బిచ్చయ్యను వదిలేలా లేరు. బిచ్చయ్య వెళ్లాడంటే తాతగారి హోటల్‌కు తాళమే.

పదకొండో రోజు పులుసు మళ్లీ బిచ్చయ్యే చేశాడు. ఆమె మెతుకు మిగల్చకుండా తిని, చేతులు కడుక్కుంది. వీధి వైపు కాకుండా వంటగది వైపు నడిచింది. శశికిరణ్ కౌంటర్ దిగి పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“లోపలికి రాకూడదమ్మా.”

“ఒక్కపారి వంటాయన్ని చూస్త. చూసి పోత.”

“మిమ్మల్ని ఎవరు పంపారో నాకు తెలుసు. ఎంత జీతం ఇస్తామన్నా ఆయన రాడని వాళ్లకు చెప్పండి.”

ఆమెకు ఆ మాట అర్థమైనట్టు లేదు. “నన్నెవరు పంపలే” అంది. “డబ్బాల తీస్కపోయింది మా అత్తమ్మకు పెట్టిన. ఆమెకు కండ్లు కనవడయి. ముద్ద నోట్లె పెట్టుకోని, ఇది ఎవరు చేసిన్రు బిడ్డా అని నా రెండు చేతులు పట్టుకున్నది.”

“నచ్చితే ఆవిడకు రోజూ తీసుకెళ్లండి. మా వంటాయనతో మీకేం పని?”

ఆమె చూపు అతని భుజం మీదుగా లోపలికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. శశికిరణ్ వెనక్కి తిరిగాడు. తడి చేతులతో బిచ్చయ్య నిలబడి ఉన్నాడు. తల ఎత్తడం లేదు.

ఎక్కడికీ పోనని ఈవిడతో నువ్వే చెప్పమన్నాడు శశికిరణ్. ఆమె బిచ్చయ్యను కాళ్ల నుంచి తల దాకా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చూపు మరల్చకుండానే శశికిరణ్ ప్రశ్నకు జవాబు చెప్పింది.

“మా ఆయనకు దినాలు చేసి తొమ్మిదేండ్లైంది సార్.”