మెల్లగా తాగాల్సిన వైను

“లంచం అన్న మాట నా దగ్గర ఎత్తకండి,” అన్నారు పాండురంగారావు గారు, గెస్ట్‌హౌస్ కుర్చీలో సర్దుకుంటూ. “బాటిల్ తీశారా?”

శేషగిరిరావు తీశాడు. చేపల ఐసుపెట్టెలోంచి.

రీస్లింగ్. తెల్ల వైను. జర్మనీలో పదిహేను రోజులు ట్రైనింగ్ చేసి వచ్చిన నాటి నుంచి ఆ ఆఫీసరు గారికి వేరే వైను గొంతు దిగడం లేదు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పారు. పెదపాడు దగ్గర శేషగిరిరావు చేపల చెరువు కొల్లేరు హద్దులో ఉంది కాబట్టి రేపు గట్టు కొట్టించేస్తారు, ఈలోగా చేప మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఇది మొదటిది. కొల్లేటి చేపకి రీస్లింగ్ మహా బాగుంటుంది. ఇది రెండోది.

గట్టు తెగితే ఏడాదిగా మేతవేసి పెంచిన చేపంతా సరస్సు పాలు. శేషగిరిరావు రాత్రికి రాత్రే ఫోన్లు చేశాడు. హైదరాబాద్‌లో ఉన్న బావమరిది మూడు బాటిళ్లు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి పొద్దున్నే ఏలూరులో దిగాడు. పెళ్లి వంటల బాజీ గెస్ట్‌హౌస్‌లో పొయ్యి వెలిగించాడు. గేటు బయట ట్రైలర్ మీద పొక్లెయిన్ ఉంది. సార్ లేవనిదే అది కదలదు.

“ఇది గటగటా తాగే సరుకు కాదండీ,” అన్నారు సార్. “ఒక కూర, ఒక గ్లాసు. మధ్యలో నాలిక్కి విశ్రాంతి.”

“మీరెలా చెబితే అలాగేనండి. తొందరేం లేదండి.”

మొదట రొయ్యల వేపుడు వచ్చింది. వైనులో తీపి కారాన్ని జోకొడుతుందన్నారు సార్. తర్వాత కొరమేను పులుసు. చింతపండు పులుపూ వైను పులుపూ వియ్యంకుల్లా మర్యాదగా ఉన్నాయన్నారు. గోంగూర దగ్గర మాత్రం కళ్లు మూసుకుని పావుగంట ఆలోచించారు. దీని గురించి జర్మన్లు ఏమీ చెప్పలేదట.

“ఐసు తక్కువైందేం?”

“ఈవేళ ఊళ్లో ఐసుకి ఇబ్బందిగా ఉందండి.”

“మీ ఆవిడ కనబడరేం?”

“చెరువు దగ్గరుందండి. ఆఖరుసారి చూసుకుంటానని పొద్దున్నే వెళ్లింది.”

“పాపం,” అన్నారు సార్, పీతల ఇగురు దగ్గరికి జరుపుకుంటూ.

మూడింటికి బాజీ బొచ్చె చేప వేపుడు తెచ్చాడు. సార్ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. “చేప ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టుందండీ.”

“ఇప్పుడే తీశారండి.”

చేప మీద చెయ్యి వేయకూడదన్న సొంత ఆర్డరు ఆయనకు ఆ ముద్దలో గుర్తు రాలేదు. గ్లాసు మాత్రం గుర్తుంది.

రెండు కూరలకోసారి శేషగిరిరావు చేతులు కట్టుకుని, “ఒక్క నెల గడువిప్పించండి సార్,” అంటూనే ఉన్నాడు. చూద్దామంటూ సార్ గ్లాసు చాపుతూనే ఉన్నారు. ఆయన లేవబోయినప్పుడల్లా ఇంకొక్క ఐటెం ఉందండి అని శేషగిరిరావు బతిమాలాడు. బాజీ వండుతూనే ఉన్నాడు.

అయిదున్నరకు మూడో బాటిలూ ఖాళీ అయింది. సార్ పళ్లెంలో ముల్లు ఏరుకుంటూ అసలు మాటకి వచ్చారు.

“మీ భోజనం జన్మలో మర్చిపోలేనండి. గడువు మాత్రం కుదరదు. రూలు రూలే. చీకటి పడేలోపు గట్టు కొట్టించేయాలి.”

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. తొమ్మిది కూరలు తిన్న నోటితోనే అన్నాడు ఆ మాట. వింటున్న బాజీకి ఒళ్లు మండిపోయింది. ఇంత వండింది ఇందుకా అనుకుని గరిటె పక్కన పడేశాడు.

శేషగిరిరావు తల వంచుకుని నిలబడ్డాడు. జేబులో సెల్ మోగింది. చెరువు దగ్గర్నుంచి భార్య మంగతాయారు.

“ఏవండీ, చేపల లారీల్లో ఆఖరిది కూడా భీమడోలు దాటేసిందట,” అంది ఆవిడ, “ఇంక ఆయన్ని చెయ్యి కడుక్కోమనండి.”