అడ్డు పడిన సింకు

రాత్రి గిన్నెలు కడుగుతుంటే వంటింటి సింకు నిండిపోయింది. ప్లంబరుకు ఫోన్ చేశానని, పొద్దున్నే వస్తానన్నాడని భార్య చెప్పింది.

"ఈ మాత్రానికి ప్లంబరెందుకు? నేను లేనూ!" అంటూ అతను చొక్కా చేతులు మడిచాడు.

సింకు కింది అలమర తెరిచి, బకెట్ పెట్టి, వంపు గొట్టాన్ని తిప్పి ఊడదీశాడు. నీళ్లన్నీ బకెట్లోకి దిగాయి. గొట్టంలోంచి నల్లటి జిడ్డు ముద్దతో పాటు ఎప్పుడో పోయిన చెంచా కూడా బయటపడింది.

"నా చెంచా!" అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అతను గొట్టాన్ని గదలా భుజాన పెట్టుకుని వంటిల్లంతా ఊరేగాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ ఊపులోనే గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, అలమర తలుపు కాలితో మూసి, బకెట్ ఎత్తి సింకులో కుమ్మరించేశాడు.

"మతి పోయిందా మీకు? గొట్టం మీ చంకలోనే ఉంది కదండీ!"

ఇద్దరూ చెంగున వెనక్కి గెంతి పాదాల వంక చూసుకున్నారు. నేల మీద చుక్క తడి లేదు. మూసిన అలమరలోంచి మాత్రం గటగటా గుటకలు వినిపించాయి. ఆ తర్వాత, బాగా దాహం తీరినట్టు, "హా..." అని ఒక నిట్టూర్పు.

అతని ముఖం మీద నవ్వు ఇంకా అలాగే అతుక్కుని ఉంది. "చూశావా, నీళ్లు ఎంత చక్కగా దిగుతున్నాయో!" అన్నాడు.

సింకులో చివరి చుక్క కూడా దిగిపోయింది. అలమర తలుపు లోపలి నుంచి వేలెడంత తెరుచుకుంది.

ఆమె కుళాయి పూర్తిగా విప్పేసింది.

"పొయ్యండి," అంది మెల్లగా. "ప్లంబరొచ్చేదాకా ఆపకండి."