మొదటి పిడికెడు

మా ఊళ్లో ఏ పంట విత్తేటప్పుడైనా మొదటి పిడికెడు సర్పంచి చేతిమీదుగానే గొర్రులో పడాలి. ఏ ఊరికి ఎప్పుడు వాన కురవాలో మేఘాల ఆఫీసు నిర్ణయించే రోజులు వచ్చాక కూడా ఆ ఆనవాయితీ పోలేదు. నీళ్లు తాగే వరి మాని కొర్ర వేయమని మూడేళ్లు ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది సర్పంచి ఓబుళమ్మే.

ఈ ఏడు వానల జాబితాలో మా ఊరి పేరు లేదు. ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది.

“తక్కువ నీళ్లతో బతికే ఊరు కదమ్మా మీది. మీ వంతు వాన పక్కూరి వరికి ఇచ్చేశాం,” అన్నాడు అక్కడి గుమాస్తా, మర్యాదగానే.

గట్టు అవతల వాన కురుస్తుంటే, ఇవతల మా పెద్దన్న వేలితో మన్ను గీరి చూశాడు. విత్తడానికి పదును లేదు.

“కొర్ర ఏసి తప్పు చేస్తిమా, సర్పంచమ్మా?” అన్నాడు.

పక్కనే ఉన్న ఓబుళమ్మ తనూ వంగి మన్ను గీరి చూసింది.

విత్తే అదను పోయి శ్రావణం దాటింది. ఇంట్లో తిండిగింజలు అయిపోయాయి. వదిన విత్తనాల బుట్ట దించి, పురుగు పడకుండా గింజలకు పట్టించిన బూడిద కడిగి, ఆరబెట్టి దంచింది. ఎసరు మరుగుతోంది కానీ వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

చివరికి పెద్దన్న వెళ్లి ఓబుళమ్మను పిలుచుకొచ్చాడు. మొదటి పిడికెడు ఆమే ఎసట్లో వేసింది.