నేరేడమ్మ ఎక్కిన బండ

ఎండలు ముదిరితే ఆ అడవిలోని ఎలుగులన్నీ పిల్లాజెల్లతో జలపాతానికి షికారు వెళ్లేవి. మగవి నీటి పక్క బండ ఎక్కే పోటీ పెట్టుకునేవి. ఆడవి పిల్లల్ని వీపున మోసుకొచ్చి, ఒడ్డున కూర్చుని ఇప్పపూల మూటలకు కాపలా కాసేవి.

ఈసారి నేరేడమ్మకు పైదాకా ఎక్కి ధార కింద నిలబడాలనిపించింది. మొగుడు గుబురయ్యతో ఆ మాటే అంది.

"నీకెందుకే ఆయాసం? హాయిగా కూర్చోక!" అన్నాడు గుబురయ్య.

"హాయిగానా? పొద్దుటి నుంచి వీళ్లను మోసిందెవరు? కాసేపు నువ్వు పట్టు," అంటూ పిల్లలిద్దర్నీ అతని వీపెక్కించి, నేరేడమ్మ బండ వైపు నడిచింది.

"జారిపడుతుంది, చూడండర్రా!" అని మగ ఎలుగులు ఇకిలించాయి.

నేరేడమ్మ జారలేదు. ఇద్దర్ని మోస్తూ కొండలెక్కిన కాళ్లవి. వీపు ఖాళీ అయ్యేసరికి ఒళ్లు దూదిలా తేలిపోయింది. ముందున్న వాళ్లనందర్నీ దాటి ధార కిందికి చేరింది.

వెనకే బయల్దేరిన గుబురయ్య నాలుగడుగులకే చతికిలబడ్డాడు. "ఒసేవ్, దిగిరావే! వీళ్లు నా జుట్టు పీకేస్తున్నారు!"

"పీకుతారు మరి. అలవాటవుతుందిలే!" అని పైనుంచి కేకేసి, నేరేడమ్మ చల్లటి నీళ్లలో తలెత్తుకుని నిలబడింది.

ఒడ్డునున్న ఆడ ఎలుగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. తర్వాత అన్నీ ఒక్కసారే లేచి, బండ మీది మొగుళ్లను పిలిచాయి.

"ఏమయ్యా, కాస్త కిందికి దిగు. పిల్లల్ని పట్టుకోవాలి!"