నల్లతెర శనివారాలు

"మళ్ళీ నల్లతెరే," అంటూ ఇల్పో కంప్యూటర్ ముందు కుర్చీలో వెనక్కి వాలాడు.

పొద్దుట్నుంచీ టాంపెరె వీధుల్లో ట్రామ్ నడిపి నడుం పట్టేసింది. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, తడిసిన మేజోళ్ళతో మార్కెట్టా వంటగదిలో ఇలా కూర్చోవడం ఇది ఎన్నో శనివారమో అతనికే గుర్తులేదు. ఆమెతో విడిపోయి ఏడాదైనా ఈ కంప్యూటర్ మాత్రం అతన్ని వదిలేలా లేదు.

తప్పు తనదే. కలిసున్న రోజుల్లో, ఎక్కడికైనా జేబులో వేసుకెళ్ళొచ్చని పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నాడు. మీట నొక్కగానే దాన్ని లేపే ప్రోగ్రాం ముక్క పెన్‌డ్రైవ్‌లోకి పోకుండా పొరపాటున ఈవిడ కంప్యూటర్లో పడింది. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అతను ఇల్లు వదిలిన రోజు నుంచీ ఇది లేవడం మానేసింది. ప్రతివారం సరిచేస్తాడు. మళ్ళీ శనివారానికి కథ మొదటికొస్తుంది.

"పోయినవారం బాగానే లేచిందిగా?"

"లేచింది. బుధవారం నుంచి మళ్ళీ ఇదే వరస," అంది మార్కెట్టా, కాఫీ, యాలకుల బన్ను ముందు పెడుతూ.

బల్లమీద గాజుగిన్నెలో తాళంచెవులతో పాటు నాలుగైదు పెన్‌డ్రైవ్‌లున్నాయి. ఎవరివని అడిగే ఓపిక కూడా లేదతనికి. తన పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కి తగిలించి ఆదేశం టైపు చేశాడు. లేవలేదు.

"చివర్లో అంకె తప్పు పడినట్టుంది," అంది మార్కెట్టా, అతని భుజం మీదుగా చూస్తూ.

"నీకెలా తెలుసు?"

"ఊరికే అనిపించింది."

దిద్దాడు. ఈసారి పెన్‌డ్రైవ్ తీసేసినా కంప్యూటర్ లేచింది. ఆమె మొహంలో మాత్రం సంతోషం లేదు.

"ఊలు నగరంలో బస్సు డిపోలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. సోమవారం మాట చెప్పాలి," అన్నాడు. "ఉండమనేవాళ్ళు లేనప్పుడు ఇక్కడ వేళ్ళాడ్డం ఎందుకు?"

ఆమె కప్పులో చెంచా తిప్పింది.

"మరి ఇది మళ్ళీ మొరాయిస్తే?"

కంప్యూటర్ సంగతే తప్ప తన సంగతి లేదు. ప్రాణం ఉసూరుమంది. లేచి బూట్లు తొడుక్కున్నాడు.

కింద మెట్ల దగ్గర, ఆ బిల్డింగులోనే ఉండే పెద్దావిడ రైలి, ఆవిరిస్నానం చేసే సౌనా గదిలోంచి తల తుడుచుకుంటూ వస్తోంది.

"రైలి గారూ, ఇక్కడ కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళెవరైనా ఉన్నారా? నేను ఊరొదిలి వెళ్తే మార్కెట్టాకి ఇబ్బందవుతుంది. పాపం, తనకి లినక్స్‌లో ఓనమాలు కూడా రావు."

రైలి తువ్వాలు దించి అతన్ని ఎగాదిగా చూసింది.

"మా అందరి కంప్యూటర్లూ బాగుచేసేది ఆ మార్కెట్టాయే కదయ్యా!"