రెండో తీగ

“మీరు పీకి చూపిస్తే నేను నమ్మనమ్మా,” అన్నాడు ఆస్పత్రి మేనేజరు. “ఇదివరకటి సెంటరువాడూ ఇలాగే ప్లగ్గు పీకి చూపించాడు. రెండు కంపెనీల నెట్ ఉంది, ఏ బెంగా లేదన్నాడు. తీరా చూస్తే రెండు తీగలూ ఒకే స్తంభం మీద! లారీ గుద్దింది, రెండూ పోయాయి. లోపల పేషెంటు, బయట బంధువులు... నా తల ప్రాణం తోకకొచ్చింది.”

“మాది అలా కాదు సార్,” అందామె. “ఒకటి గేటు పక్కన భూమిలోంచి వస్తుంది. రెండోది వెనక వీధిలోంచి, మేడ మీదుగా. కంపెనీలు వేరు, దారులూ వేరు.”

“చెప్పడానికేముంది, అందరూ చెప్తారు. తెగే తీగ చెప్పి తెగుతుందా?”

ఇప్పుడు వాళ్లు కూర్చున్న ఈ సెంటరు ఆమెదీ, ఆమె భర్తదీ. ఆస్పత్రులు పంపే స్కాన్లను ఎక్కడో ఉన్న డాక్టర్లకు చూపించి, రిపోర్టులు తెప్పించడం వాళ్ల పని. ఈ ఆస్పత్రి ఒప్పుకుంటే నిలదొక్కుకుంటారు. లేదంటే నెలాఖరుకి సెంటరుకు తాళమే. అయినా ఆమె మొహంలో బెంగ వెతికినా కనిపించదు. అదంతా భర్త వాటాకే వచ్చినట్టుంది, కిటికీ దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు.

కిటికీ అవతల మురుగుకాలవ కోసం పొక్లెయిన్ తవ్వుతోంది. గేటు పక్కన ఎవరో పుల్లకి ఎర్రగుడ్డ కట్టి పాతారు.

తెరమీద డాక్టరు ఒక మోకాలి స్కాన్ వివరిస్తున్నాడు. ఇంతలో బయట బండి ఒక్క కుదుపుతో ఆగింది. గోడమీది నెట్ పెట్టెలో తీగకొకటి చొప్పున వెలిగే రెండు పచ్చదీపాల్లో ఒకటి ఆరిపోయింది.

“అయిపోయింది!” మేనేజరు లేచి నిలబడ్డాడు.

“...చిప్ప కింద ఈ గీత చూశారా? ఇది పాత దెబ్బే,” అంటూ డాక్టరు తన మానాన తను చెప్పుకుపోతున్నాడు.

ఆమె అప్పటికే బయటికి పరుగెత్తింది. వెనకే భర్త, మేనేజరు. నెరిసిన మీసాల డ్రైవరు, తెగిన తీగ చేత్తో పట్టుకుని బండి దిగాడు.

“కళ్లు కనబడటం లేదా? ఎర్రగుడ్డ అందానికి కట్టారనుకున్నావా? ఈ వయసులో నీకీ బండి ఎందుకు, ఇంటిపట్టున కూర్చోక!” ఎన్నాళ్లనుంచో దాచుకున్నట్టు తిట్టిందామె.

“తప్పయిపోయింది మేడమ్.” అతను తల దించుకున్నాడు.

“ఇక చాల్లేవే, పెద్దాయన...” అని గొణిగి, భర్త గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు అదురుతున్నాయి.

“మీరు ఊరుకోండి!”

మేనేజరు మెత్తబడ్డాడు. “పోనీలెండమ్మా, పాపం. మీవారు కూడా ఎంత బాధపడుతున్నారో చూడండి. ఇతని పుణ్యమా అని నా అనుమానం తీరింది.”

లోపలికి వెళ్లేసరికి డాక్టరు ఇంకా ఆ మోకాలి దగ్గరే ఉన్నాడు. మేనేజరు నవ్వుకుంటూ ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

అతని కారు వీధి మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడింది. తర్వాత చల్లటి నీళ్లు తెచ్చి, రెండు చేతులతో డ్రైవరుకు అందించింది. అతను గుక్కెడు తాగి, మీసం తుడుచుకుంటూ అడిగాడు.

“నువ్వు చెప్పిన తీగే తెంపానా, కోడలా?”