చర్చి మైకు

యుద్ధ వార్తలతో పేరు తెచ్చుకున్న టీవీ విలేకరి క్రాంతి కుమార్‌కు ఆ ఆదివారం మా రుద్రూర్ చర్చిలో సన్మానం. మా ఊళ్లో పెళ్లి కబురైనా చావు కబురైనా చర్చి మైకులోనే చెబుతారు. చదివేది నేను.

గేటు దగ్గర కారు దిగి నవ్వాడు. "ఎస్తరక్కా, నా గురించి మైకుల మంచిగ చెప్పినవా?"

"చెప్పిన. సరిహద్దుల బాంబు పడి నువ్వు సచ్చిపోయినవని చెప్పిన."

అతని నవ్వు ఆగిపోయింది. "మజాకా? ఇంటికాడ మా అవ్వ ఇంటది! గుండె జబ్బు మనిషి!"

"మా అవ్వ గూడ ఇంటికాడనే ఉండె, టీవీ ముందట. సచ్చిపోయిన జవానని మా తమ్ముని పేరు జెప్పినవ్. వాడు బతికొచ్చిండు. అవ్వనే మిగల్లే."

"అడిగి తెలుసుకునే టైము లేకుండెనక్కా..."

"నాకూ లేకుండె."

తల్లికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. కారు తలుపు కూడా వేయకుండా ఇంటివైపు పరుగెత్తాడు.

నేను చర్చిలోకి వెళ్లాను. ఫోను ఇంట్లోనే పెట్టి, కొత్త చీర కట్టుకుని వచ్చిన అతని తల్లి మొదటి వరుసలో కూర్చుని ఉంది.

"నా కొడుకు వచ్చిండా బిడ్డా?"

"వస్తడు పెద్దమ్మా."

మైకు స్విచ్ వేసి, ఆ ఉదయపు మొదటి ప్రకటన చదివాను: "సన్మానం కొంచెం ఆలస్యమవుతుంది."